సొంతంగా వర్డ్‌ప్రెస్ థీమ్ రాయడం నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డిగ్రీ అయింది, హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ వచ్చు, కోడ్ రాయకుండా మౌసుతో లాగి పేజీలు కట్టే పేజ్ బిల్డర్‌తో రెండు సైట్లు చేసి ఇచ్చారు. రెండో సైటు ఓనరు "ఇదే డిజైన్ ఇంకో షాపు సైటులో కూడా చూశానే" అన్నాడట. అది మనసులో గుచ్చుకుని, ఇక సొంతంగా థీమ్, అంటే వర్డ్‌ప్రెస్ సైటు ఎలా కనిపించాలో తేల్చే ఫైళ్ల మూట, రాయాలనుకుంటున్నారు. పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన ప్రోగ్రామింగ్ భాష) మొత్తం ముందే నేర్చుకోవాలా, క్లాసిక్ థీమా బ్లాక్ థీమా, పాతికవేలు కట్టి కోర్సులో చేరాలా అని మూడు ప్రశ్నలు అడిగారు.

చివరి ప్రశ్నకు ముందు చెబుతాను. కట్టొద్దు. వర్డ్‌ప్రెస్ వాళ్లదే థీమ్ హ్యాండ్‌బుక్ ఉంది, లర్న్ వర్డ్‌ప్రెస్ అనే సైటులో వీడియో పాఠాలున్నాయి, రెండూ ఉచితమే. ఆ డబ్బుతో ఒక డొమైన్, ఏడాది హోస్టింగ్ కొనుక్కోండి. ఇంకా మిగులుతుంది.

మిగతా రెండింటికీ జవాబు చెప్పేముందు ఒక మాట. కొత్తగా వచ్చేవాళ్లు చాలామంది, ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో గీసిన బొమ్మను కోడ్‌గా మార్చడమే థీమ్ అనుకుంటారు. పన్నెండేళ్ల కిందట నేనూ అలాగే అనుకున్నాను. పెళ్లి కార్డు డిజైన్ చేసేటప్పుడు వధూవరుల పేర్లు, ముహూర్తం, వేదిక అన్నీ మీ ముందే ఉంటాయి. థీమ్ అలా కాదు. అది టిఫిన్ క్యారేజీ తయారుచేయడం లాంటిది. అందులో రేపు పులిహోర పెడతారో, పులుసు పోస్తారో చేసేవాడికి తెలియదు. ఏది పోసినా కారకుండా మూత పట్టాలి. ఒకరు మూడు లైన్ల హెడ్డింగ్ పెడతారు, ఇంకొకరు ఫొటో పెట్టడం మరిచిపోతారు, మరొకరు ఎక్సెల్ నుంచి ఏడు కాలమ్‌ల పట్టిక తెచ్చి అతికిస్తారు. వెతికితే ఒక్క పోస్టూ దొరకని పేజీ కూడా మీ థీమే చూపించాలి. మీరు నేర్చుకోవలసింది ఈ పని. రంగులు, నీడలు ఆ తర్వాత.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. వర్డ్‌ప్రెస్‌ను మీ కంప్యూటర్లోనే నడపడానికి లోకల్ అనే యాప్ గానీ, ఎక్స్‌ఏఎంపీపీ గానీ పెట్టుకోండి. ఏదీ ఇన్‌స్టాల్ చేసే వీలు లేకపోతే వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. థీమ్స్ ఫోల్డర్‌లో కొత్త ఫోల్డర్ తెరిచి రెండే రెండు ఫైళ్లు పెట్టండి: స్టైల్.సీఎస్ఎస్, ఇన్‌డెక్స్.పీహెచ్‌పీ. మొదటిదానిలో పైన ఒక కామెంట్ రాసి అందులో థీమ్ పేరు ఇవ్వండి. అంతే, డాష్‌బోర్డులో మీ థీమ్ కనబడుతుంది. యాక్టివేట్ చేస్తే సైటు ఖాళీగా, తెల్లగా వస్తుంది. భయపడకండి.

ఇన్‌డెక్స్ ఫైలులో రాయాల్సింది లూప్ ఒక్కటే. మాటల్లో చెబితే ఇలా ఉంటుంది: పోస్టులు ఉన్నాయా? ఉన్నంతసేపూ ఒక్కోటి తీసుకో, దాని టైటిల్ చూపించు, లోపలి విషయం చూపించు. అయిదారు లైన్లు. మొదటి రెండు వారాలకు మీకు కావలసిన పీహెచ్‌పీ కూడా దాదాపు ఇంతే. వేరియబుల్, ఇఫ్, వైల్, ఫంక్షన్, అరే. క్లాసులు, ఆబ్జెక్టులు, ఫ్రేమ్‌వర్కుల జోలికి ఇప్పుడే పోవద్దు. పీహెచ్‌పీ పూర్తిగా నేర్చుకున్నాకే థీమ్ మొదలుపెడతానని కూర్చున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు. ఆ పూర్తి కావడం అనేది ఇంతవరకు కాలేదు.

తర్వాతిది జాగ్రత్తగా చదవండి, థీమ్ గుట్టంతా ఇక్కడే ఉంది. మీది వంటల సైటు, అందులో గోంగూర పచ్చడి అనే పోస్టును ఎవరో తెరిచారనుకోండి. వర్డ్‌ప్రెస్ ముందు ఆ అడ్రసు చూసి డేటాబేస్ నుంచి ఏం తేవాలో తేల్చుకుంటుంది. ఒక్క పోస్టే అడిగారని తేలాక మీ ఫోల్డర్‌లో వెతుకులాట మొదలుపెడుతుంది. సరిగ్గా ఈ పోస్టు పేరుతోనే సింగిల్ ఫైలు ఏమైనా ఉందా? లేదు. సింగిల్-పోస్ట్.పీహెచ్‌పీ ఉందా? లేదు. సింగిల్.పీహెచ్‌పీ? అదీ లేదు. సింగ్యులర్.పీహెచ్‌పీ? అబ్బే. అయితే ఇన్‌డెక్స్.పీహెచ్‌పీ. అందుకే ఒక్క ఇన్‌డెక్స్ ఫైలుతో సైటు మొత్తం నడిచింది. దీన్నే టెంప్లేట్ హైరార్కీ అంటారు.

దీన్ని బట్టీ పట్టకండి. ఇన్‌డెక్స్ ఫైలును కాపీ చేసి సింగిల్, పేజ్, ఆర్కైవ్, సెర్చ్, 404 అని పేర్లు మార్చి పెట్టండి. ఒక్కోదానిలో పైన పెద్ద అక్షరాలతో "నేను సింగిల్‌ని", "నేను ఆర్కైవ్‌ని" అని రాయండి. ఇక సైటంతా తిరగండి. కేటగిరీ నొక్కండి, పాత నెల నొక్కండి, లేని అడ్రసు టైప్ చేయండి. ఎక్కడ ఎవరు పలుకుతున్నారో కాగితం మీద రాసుకోండి. ఒక సాయంత్రం పని ఇది. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లతో మొదటి రోజు చేయించేది ఇదే. ఒకచోట మాత్రం అందరూ తడబడతారు: హోమ్.పీహెచ్‌పీ అంటే హోమ్ పేజీ కాదు, బ్లాగు పోస్టుల జాబితా. సైటు ముఖద్వారానికి ఫ్రంట్-పేజ్.పీహెచ్‌పీ. పాత పేరు అలా ఉండిపోయింది, ఏం చేస్తాం.

తర్వాత హెడర్, ఫుటర్ విడదీయండి. హెడర్‌లో డబ్ల్యూపీ_హెడ్, ఫుటర్‌లో డబ్ల్యూపీ_ఫుటర్ అనే పిలుపులు తప్పకుండా ఉండాలి. ప్లగిన్లు (సైటుకు అదనపు పనులు చేర్చే కోడ్) తమ స్టైళ్లు, స్క్రిప్టులు చేర్చేది ఆ ద్వారాల గుండానే. బాడీ ట్యాగ్ తెరవగానే రావలసిన డబ్ల్యూపీ_బాడీ_ఓపెన్ కూడా ఉంది. ఇవేవీ లేని థీమ్‌లో లాగిన్ అయి ఉన్నా పైన నల్ల పట్టీ రాదు. "నా సైటులో అడ్మిన్ బార్ మాయమైంది" అని ఎవరైనా అంటే నేను మొదట ఫుటర్ ఫైలే అడుగుతాను.

ఇక క్లాసిక్ థీమా, బ్లాక్ థీమా. కొంచెం వెనక్కి వెళ్తే ఈ గందరగోళం ఎందుకో తెలుస్తుంది. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్‌కు ఇప్పుడు మనం అనుకునే థీమ్‌లు 2005 ఫిబ్రవరిలో వచ్చిన 1.5 వెర్షన్‌తో వచ్చాయి. కూబ్రిక్ అనే నీలం హెడర్ డిజైన్ అప్పటి డిఫాల్ట్. అక్కడి నుంచి చాలా ఏళ్లు థీమ్ అంటే పీహెచ్‌పీ ఫైళ్లే. 2018 డిసెంబరులో 5.0తో బ్లాక్ ఎడిటర్ వచ్చింది, అంటే పేరా, ఫొటో, హెడ్డింగ్ ఒక్కోటీ ఒక బ్లాకుగా పేర్చుకునే ఎడిటర్. 2022 జనవరిలో 5.9తో హెడర్, ఫుటర్ సహా సైటు మొత్తాన్ని బ్లాకులతో కట్టే వీలొచ్చింది. ట్వెంటీ ట్వెంటీ-వన్ డిఫాల్ట్ థీమ్‌లలో ఆఖరి క్లాసిక్. ఆ తర్వాతివన్నీ బ్లాక్ థీమ్‌లే.

నా సలహా: ఒక నెల క్లాసిక్ రాయండి, ఆ తర్వాత బ్లాక్ థీమ్‌లోకి మారండి, కొత్త పనులన్నీ అందులోనే చేయండి. బ్లాక్ థీమ్‌లో కూడా టెంప్లేట్ హైరార్కీ అదే, ఫైళ్లు పీహెచ్‌పీ బదులు హెచ్‌టీఎంఎల్‌లో ఉంటాయి, అంతే తేడా. పైగా రిపేరు పనికి నా దగ్గరికి వచ్చే సైట్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ క్లాసిక్‌వే. మొదట్లో మీకు దొరికేవి కూడా అలాంటి పనులే. కొందరు నేరుగా బ్లాక్‌తోనే మొదలుపెట్టమంటారు. వాళ్ల వాదనలో తప్పు లేదు గానీ, పరదా వెనక ఏం జరుగుతోందో తెలియకుండా ఎడిటర్‌లో లాగి పడేయడం అలవాటైతే మీరు వదిలి వద్దామనుకున్న పేజ్ బిల్డర్ దగ్గరికే మళ్లీ చేరతారు.

బ్లాక్ థీమ్‌కు గుండెకాయ థీమ్.జేసన్ అనే ఫైలు. రంగులు, ఫాంట్ సైజులు, ఖాళీలు, పేజీ వెడల్పు అన్నీ అందులో ఒకచోట రాస్తారు. ఎడిటర్‌లో ఓనరుకు కనిపించే రంగుల డబ్బాలు కూడా అక్కడి నుంచే వస్తాయి. అయిదు రంగులిచ్చి, నచ్చిన రంగు కలుపుకునే అవకాశం ఆపేయండి. మీ డిజైన్ ఆరు నెలల తర్వాత కూడా మీ డిజైన్‌లాగే ఉంటుంది. ఆ ఫైలులో చివరి వరుస తర్వాత ఒక్క కామా ఎక్కువైనా మొత్తం పనిచేయదు, అది గుర్తుంచుకోండి.

ఈ బ్లాక్ థీమ్‌లలో ఒక గొయ్యి ఉంది. నేను పడ్డాను కాబట్టి చెబుతున్నా. రాత్రి పదకొండింటికి ఒక సైటు హెడర్ ఫైలు మార్చి అప్‌లోడ్ చేశాను. మారలేదు. రిఫ్రెష్ కొట్టాను. క్యాష్ తీసేశాను. వేరే ఫోన్‌లో చూశాను. ఫైలు సరిగ్గా ఎక్కిందో లేదో మూడుసార్లు చూశాను, ఎక్కింది. ఒంటిగంట దాకా టెన్షన్. చివరికి తేలిందేమిటంటే, ఆ ముందురోజు ఓనరు సైట్ ఎడిటర్‌లోకి వెళ్లి హెడర్‌లో ఫోన్ నంబరు మార్చి సేవ్ కొట్టారు. అలా సేవ్ చేసిన క్షణం నుంచి హెడర్ డేటాబేస్‌లో నుంచి వస్తుంది, మీ ఫైలును వర్డ్‌ప్రెస్ పట్టించుకోదు. ఎడిటర్‌లో ఆ భాగం దగ్గర రీసెట్ కొడితేనే మళ్లీ ఫైలు మాట వింటుంది. రీసెట్ కొట్టేముందు ఓనరు చేసిన మార్పును ఫైలులోకి ఎక్కించుకోండి, లేకపోతే పొద్దున్నే ఫోన్ వస్తుంది.

ఇక మీరు అడగనిది ఒకటి చెబుతాను, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం. మీరు చేసేవి తెలుగు సైట్లు. దొరికే థీమ్‌లలో చాలావరకు ఇంగ్లిష్ అక్షరాన్ని కళ్ల ముందు పెట్టుకుని చేసినవి. పాఠాల్లో వాడేది కూడా అర్థంలేని లాటిన్ వాక్యాలే. ఆ అక్షరాలకు మనలాగా పైన గుడులు, కింద ఒత్తులు లేవు.

ఒక వంటల సైటుకు అందమైన కార్డులు చేశాను. హెడ్డింగ్ లైన్-హైట్ 1.1, రెండు లైన్లు దాటితే దాచేయడానికి ఓవర్‌ఫ్లో హిడెన్. ఇంగ్లిష్ డెమోలో ముచ్చటగా ఉంది. సైటు పెట్టిన సాయంత్రం ఆ ఇల్లాలు ఫోన్ చేసి, "బాబూ, అమ్మలో ఒత్తు ఏదయ్యా?" అన్నారు. చూస్తే నిజమే. "అమ్మ చేతి వంట" అని రాస్తే మొబైల్‌లో కింద మ ఒత్తు కత్తిరించుకుపోయి "అమ చేతి వంట" అని ఉంది. "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటలైతే రెండేసి ఒత్తులు, వాటి గతి చెప్పనక్కర్లేదు. అప్పటి నుంచి తెలుగు హెడ్డింగుకు 1.4 తగ్గించను, మామూలు పాఠ్యానికి 1.7 నుంచి 1.8 పెడతాను. దాచే పెట్టె ఏదైనా ఉంటే కింద కాస్త ప్యాడింగ్ ఇస్తాను.

ఇంగ్లిష్ డిజైనర్లు మెనూలను, కేటగిరీ పేర్లను వేరుగా చూపించడానికి అన్నీ పెద్దక్షరాలు చేసి, అక్షరాల మధ్య ఎడం పెంచుతారు. మనకు పెద్దక్షరాలే లేవు. ఆ రూలు తెలుగు మీద పనిచేయదు, ఎడం మాత్రం పనిచేసి మాటను చెల్లాచెదురు చేస్తుంది. ఇటాలిక్ కూడా అంతే. కోట్ బ్లాకుకు చాలా థీమ్‌లు ఇటాలిక్ పెడతాయి. తెలుగు ఫాంట్లకు సాధారణంగా ఇటాలిక్ ఉండదు కాబట్టి బ్రౌజర్ అక్షరాన్ని పక్కకు వంచేస్తుంది. గాలికి ఒరిగిన పందిరిలా ఉంటుంది. తెలుగులో తేడా చూపించాలంటే మందం, రంగు, సైజు, చుట్టూ ఖాళీ. ఇవి చాలు.

ఫాంట్ ఎంచుకునేటప్పుడు ఎన్ని మందాలున్నాయో చూడండి. మండలి చదవడానికి హాయిగా ఉంటుంది గానీ దానిలో ఒకే మందం. బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనే లావు చేసి చూపిస్తుంది, అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. రామభద్ర హెడ్డింగులకు బాగుంటుంది, పేరాలకు వద్దు. నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు రెండింటిలోనూ పలచని నుంచి బాగా మందం దాకా అన్నీ ఉన్నాయి. మొదటి థీమ్‌కు వీటిలో ఒకటి తీసుకోండి. ఫైలును థీమ్ ఫోల్డర్‌లోనే పెట్టి థీమ్.జేసన్‌లో చూపించండి. ఒకటి చాలు, మహా అయితే రెండు. పల్లెలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్‌లో మీ సైటు తెరుచుకోవాలి.

ఎక్సర్ప్ట్ సంగతి, అంటే పోస్టుల జాబితాలో టైటిల్ కింద కనిపించే చిన్న ముక్క. వర్డ్‌ప్రెస్ మామూలుగా 55 మాటలు కత్తిరించి చూపిస్తుంది. ఇంగ్లిష్‌లో అది నాలుగు లైన్లు. తెలుగులో ఒక్కో మాట "చేసుకోవాల్సివస్తుందనుకోలేదు" అంత పొడుగు ఉండొచ్చు. కార్డు సాగిపోతుంది. ఎక్సర్ప్ట్_లెంగ్త్ అనే ఫిల్టర్‌తో (వర్డ్‌ప్రెస్ వాడబోయే విలువను మధ్యలో పట్టుకుని మార్చే వీలు) 25కో 20కో తగ్గించండి. ఫిల్టర్ అంటే ఏమిటో నేర్చుకోవడానికి కూడా ఇంతకంటే తేలికైన ఉదాహరణ లేదు.

అడ్రసు గురించి కూడా ఒకటి, ఇది థీమ్ తప్పు కాదు గానీ నింద మీ మీదకే వస్తుంది. "సంక్రాంతి పిండివంటలు తయారీ విధానం" అని టైటిల్ పెట్టి పబ్లిష్ చేయండి. అడ్రసులో "సంక్రాంతి-పిండివంటలు-తయా" దగ్గర తెగిపోతుంది. ఎందుకంటే వర్డ్‌ప్రెస్ అడ్రసులో ఆ ముక్కకు 200 అక్షరాల హద్దు పెట్టింది. తెలుగులో గుణింతం గుర్తు, సున్న, పొల్లు ఒక్కోటీ వేరే అక్షరం కింద లెక్క. ఒక్కోటి మూడు బైట్లు, అడ్రసులో మారేసరికి తొమ్మిది గుర్తులు. అంటే ఇరవై రెండు అక్షరాలకే హద్దు నిండిపోతుంది. ఓనర్లకు ముందే చెప్పి, అడ్రసు మాత్రం చిన్న ఇంగ్లిష్ మాటల్లో పెట్టమనండి. వాట్సాప్‌లో పంపినప్పుడు శాతం గుర్తుల తోక కూడా ఉండదు.

సైటు భాష తెలుగు అని సెట్టింగ్స్‌లో పెట్టి, హెడర్‌లో లాంగ్వేజ్_యాట్రిబ్యూట్స్ పిలుపు ఉంచడం మరిచిపోవద్దు. స్క్రీన్ రీడర్ దాన్ని చూసే తెలుగు గొంతు ఎత్తుకుంటుంది.

నేను చేసిన ఇంకో తప్పు. అదే వంటల సైటులో వంటకం అనే కస్టమ్ పోస్ట్ టైపును (పోస్టు, పేజీ కాకుండా మనం చేర్చుకునే సొంత రకం) థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైలులోనే రిజిస్టర్ చేశాను. ఏడాది తర్వాత వాళ్లు సరదాగా వేరే థీమ్ వేసి చూశారు. వంటకాలన్నీ మాయం. డేటాబేస్‌లో భద్రంగానే ఉన్నాయి, కానీ వాటిని గుర్తుపట్టే కోడ్ థీమ్‌తో పాటే పోయింది. ఆ అరగంట వాళ్ల కంగారు అంతా ఇంతా కాదు. సమాచారానికి సంబంధించింది ప్లగిన్‌లో, కనిపించే తీరుకు సంబంధించింది థీమ్‌లో. చిన్న ప్లగిన్ రాయడం ఒక ఫైలు పనే. అలాగే ఎవరిదో రెడీమేడ్ థీమ్‌ను మార్చాలంటే దాని ఫైళ్లలో చేయి పెట్టకండి, దాని మీద ఆధారపడి మీ మార్పులు మాత్రమే ఉండే చైల్డ్ థీమ్ చేయండి. అసలు ఫైళ్లలోనే మారిస్తే, అప్‌డేట్ వచ్చిందంటే మీ మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

పెయిడ్ థీమ్‌లను ఉచితంగా ఇస్తామనే నల్డ్ కాపీల జోలికి పోవద్దు, నేర్చుకోవడానికి కూడా. అందులో ఏం దాచి పెట్టారో వెతికే ఓపిక మీకు ఉండదు.

బయటకు చూపించే ప్రతి విలువనూ ఎస్కేప్ చేయడం, అంటే అందులో కోడ్ ఉన్నా నడవకుండా మామూలు అక్షరాలుగా మార్చడం, మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. మామూలు మాటలకు ఈఎస్‌సీ_హెచ్‌టీఎంఎల్, లింకులకు ఈఎస్‌సీ_యూఆర్ఎల్, ట్యాగు లోపలి విలువలకు ఈఎస్‌సీ_ఏటీటీఆర్. తర్వాత చేద్దాంలే అనుకుంటే ఆ తర్వాత రాదు.

పనిచేసేటప్పుడు కోడ్‌లో తప్పులు చూపించే డబ్ల్యూపీ_డీబగ్ ఆన్ చేసి పెట్టండి, లైవ్ సైటులో మాత్రం ఎర్రర్లు బయటకు కనిపించకూడదు. క్వెరీ మానిటర్ ప్లగిన్ వేసుకుంటే ప్రస్తుతం ఏ టెంప్లేట్ ఫైలు నడుస్తోందో చూపిస్తుంది. థీమ్ యూనిట్ టెస్ట్ డేటా అని పరీక్ష పోస్టుల మూట ఉచితంగా దొరుకుతుంది. టైటిల్ లేని పోస్టు, మరీ పొడుగు టైటిల్ పోస్టు, గొలుసులా లోపలికి వెళ్లే కామెంట్లు, అన్నీ ఉంటాయి. దాన్ని ఇంపోర్ట్ చేసుకుని, దానికి మీరే ఓ పది తెలుగు పోస్టులు కలపండి. ఒత్తులు ఎక్కువున్న మాటలు ఏరి మరీ పెట్టండి.

చదవడానికి ట్వెంటీ ట్వెంటీ-వన్ థీమ్ తీసుకోండి, తర్వాత ట్వెంటీ ట్వెంటీ-ఫైవ్. రోజుకో ఫైలు. అర్థం కాని ఫంక్షన్ పేరు కనిపిస్తే వర్డ్‌ప్రెస్ డెవలపర్ సైటులో వెతికి దాని కింద ఉన్న ఉదాహరణ చదవండి. ఏఐని అడిగినా తప్పులేదు గానీ, అది ఇచ్చిన కోడ్‌లో ప్రతి లైను ఎందుకుందో మీరు చెప్పలేకపోతే సైటులో పెట్టకండి.

మొదటి థీమ్ ఊహించుకున్న కంపెనీకి చేయకండి. మీ వీధిలో టైలరో, మీ చిన్నాన్న ఎరువుల కొట్టో, ఊళ్లో గ్రంథాలయమో, నిజంగా వాడేవాళ్లు ఒకరు ఉండాలి. డబ్బు తీసుకోకపోయినా పర్లేదు, వాళ్ల చేత మాత్రం పోస్టులు పెట్టించండి. మీరు పక్కన కూర్చుని చూడండి, సాయం చేయకండి. ఎక్కడ ఆగిపోతున్నారో ఆ నోట్సే మీ తర్వాతి వెర్షన్.

ఈ వారం ఇన్‌డెక్స్ ఫైలు ఒక్కదానితో సైటు నడిపి, ఆ ఫైళ్ల పేర్ల ఆట ఆడి చూడండి. ఎక్కడైనా ఇరుక్కుంటే కింద రాయండి. స్క్రీన్‌షాట్ కాదు, కోడ్ పెట్టండి. డీబగ్ ఏమంటోందో అది కూడా.